బాబుకు ఒళ్లంతా నీలం మచ్చలు, "మీ పుట్టింటి రక్తం" అంటున్నారు

చిన్ను_అమ్మ
మా బాబుకు పద్నాలుగు నెలలు. కూకట్‌పల్లిలో ఉంటాం. పాకడం మొదలుపెట్టిన నాటి నుంచి మోకాళ్ల మీద, పొట్ట మీద నీలం మచ్చలు. చంకల కింద చేతులు వేసి ఎత్తుకుంటే మర్నాటికి అక్కడ నా వేళ్ల గుర్తులు తేలేవి. క్రెష్‌లో ఆయమ్మ నన్ను పక్కకు పిలిచి "ఇంట్లో బాబును ఎవరైనా కొడుతున్నారా అమ్మా" అని అడిగింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఎంత ఏడ్చానో. దగ్గరలో చూపించిన డాక్టరు రక్తం పలచగా ఉందని చెప్పి ఏదో సిరప్ రాశారు.

పోయిన నెల బల్ల అంచు తగిలి పై పెదవి లోపల, చిగురుకు అతుక్కుని ఉండే సన్నని పొర తెగింది. చిన్న గాయమే. రెండు రోజులు రక్తం ఆగలేదు. ఆగినట్టే ఆగేది, పాలు తాగగానే మళ్లీ మొదలయ్యేది. చివరికి పెద్దాసుపత్రికి తీసుకువెళితే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒక శాతం కంటే తక్కువ ఉందని, తీవ్రమైన హీమోఫీలియా ఎ అని తేల్చారు.

ఇప్పుడు ఇంట్లో రోజూ ఒకటే పాట. "మా వంశంలో ఏడు తరాలుగా ఎవరికీ లేదు, ఇది మీ పుట్టింటి రక్తం" అని అత్తగారు. మా పుట్టింట్లోనూ ఎవరికీ లేదు. మా మేనమామలిద్దరూ గుండ్రాళ్లలా ఉన్నారు. మరి ఇది ఎక్కడి నుంచి వచ్చినట్టు? నేను కూడా పరీక్ష చేయించుకోవాలా? బాబు అందరు పిల్లల్లా ఆడుకోగలడా? నెట్‌లో చదివితే నిద్ర పట్టడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

సగం_తెలుసు
మీది మేనరికమా? ఈ జబ్బు మేనరికం పెళ్లిళ్ల వల్లే వస్తుంది.

చిన్ను_అమ్మ
కాదండీ. మాది నల్గొండ, వాళ్లది గుంటూరు. పెళ్లిచూపుల దాకా ఒకరి మొహం ఒకరికి తెలియదు.

ఉప్పల్_శ్రీను
నాకు 43 ఏళ్లు. మీ బాబుకు ఉన్నదే నాకూ ఉంది, అదే తీవ్రత. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు, కుడి మోకాలు మాత్రం నా మాట వినదు. కాబట్టి ముందు కాస్త కుదుటపడండి.

"రక్తం పలచన" అనే మాటను ఇంట్లోంచి తీసేయండి. రక్తం పలచగా ఏమీ లేదు. పాలు ఎంత చిక్కగా ఉన్నా తోడు వేయకపోతే పెరుగు పేరుకోదు కదా, ఇదీ అంతే. గాయమైన చోట ముందు ప్లేట్‌లెట్లు వెళ్లి అడ్డం పడతాయి. ఆ తరువాత గడ్డ గట్టిపడాలంటే ఫ్యాక్టర్లు ఒకదాని తరువాత ఒకటి పని అందుకోవాలి. ఆ వరసలో మనకు ఎనిమిదో మనిషి రాలేదు. అందుకే పైన గీసుకుపోతే పెద్దగా ఏమీ కాదు, ప్లేట్‌లెట్లు చూసుకుంటాయి. మనకు రక్తం మిగతావాళ్లకంటే వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. మీ బాబు పెదవి ఆగి ఆగి కారడం సరిగ్గా అదే.

అసలు భయపడవలసింది కనిపించే రక్తానికి కాదు. కీళ్ల లోపల కారేదానికి. మోకాలు, మోచేయి, చీలమండ. మాటలు రాని పిల్లవాడు చెప్పలేడు. నిన్న నడిచినవాడు ఇవాళ ఒక కాలు మోపడు, ఒక చేయి ముడుచుకునే ఉంటాడు, అక్కడ ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. అప్పుడు వాపు వచ్చేదాకా ఆగకూడదు. మా నాన్న ఆగేవారు, ఆయన తప్పు కాదు, 1980లలో మాకు ఫ్యాక్టర్ అనే మాటే తెలియదు. మోకాలు కొబ్బరికాయంత అయ్యేది, అమ్మ తడిగుడ్డ చుట్టేది, బడికి మూడు వారాలు సెలవు. ఒకే కీలులో మళ్లీ మళ్లీ రక్తం చేరితే లోపలి పొర వాచిపోతుంది, వాచిన పొర నుంచి ఇంకా తేలిగ్గా రక్తం కారుతుంది. నా కుడి మోకాలి కథ ఇంతే.

మీ బాబు కథ ఇలా ఉండనక్కరలేదు. కారాక ఆపడం కాకుండా, కారక ముందే వారంలో రెండు మూడు సార్లు ఫ్యాక్టర్ వేయడం అనే పద్ధతి ఉంది. దాని గురించి మీ డాక్టరును మొదటి రోజే అడగండి.

తార్నాక_తాతయ్య
నేను రిటైరైన జీవశాస్త్రం మాస్టారిని. అత్తగారి ప్రశ్న నాకు వదిలేయండి.

ఫ్యాక్టర్ 8 తయారు చేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఎక్స్ ఒక్కటే, అది అమ్మ ఇచ్చేది. నాన్న ఇచ్చేది వై. కాబట్టి లెక్క ప్రకారం అత్తగారు చెప్పింది సగం నిజం, ఆ ఎక్స్ మీ వైపుదే. అయితే హీమోఫీలియా ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. జన్యువులో మార్పు కొత్తగా పుడుతుంది. తమాషా ఏమిటంటే, తీవ్రమైన హీమోఫీలియా ఎ కేసుల్లో సగానికి కాస్త తక్కువగా కనిపించే ఒక రకం మార్పు ఉంది, జన్యువులో ఒక ముక్క తిరగబడిపోతుంది. అది ఎక్కువగా మగవాడి బీజకణాల్లోనే పుడుతుంది. అంటే చాలా ఇళ్లలో ఇది అమ్మమ్మది కాదు, అమ్మ తండ్రిది. ఆయనకు జబ్బు ఉండదు, తెలియనూ తెలియదు.

నిశాచరి
మాస్టారూ, ఇప్పుడు పాపం ఆ తాతగారి ఫొటోకు దండ తీసేస్తారు.

తార్నాక_తాతయ్య
తీసేస్తే విక్టోరియా మహారాణి ఫొటోకూ తీసేయాలి. ఆమె ముందు తరాల్లోనూ ఎవరికీ లేదు. ఆమె కొడుకు లియోపోల్డ్ 1884లో జారిపడి రక్తస్రావంతో ముప్పై ఏళ్లకే పోయాడు. కూతుళ్ల ద్వారా అది రష్యా దాకా వెళ్లింది. జార్ కొడుకు అలెక్సీ ఎముకల మీద 2009లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తేలింది, వాళ్లది ఫ్యాక్టర్ 9 లోపం, అంటే హీమోఫీలియా బి.

నిశాచరి
బి రకానికి క్రిస్మస్ జబ్బు అని పేరు చూశాను. డిసెంబరులో వస్తుందా?

తార్నాక_తాతయ్య
క్రిస్మస్ అనేది పిల్లవాడి ఇంటిపేరు నాయనా. స్టీఫెన్ క్రిస్మస్, ఐదేళ్లవాడు. అతని రక్తంలో తక్కువైంది 8 కాదని, వేరే ఫ్యాక్టర్ అని కనిపెట్టి 1952లో అచ్చు వేశారు. పత్రిక వాళ్లు కూడా డిసెంబరు ఆఖరి వారం సంచికలోనే వేశారు, చమత్కారం తెలిసినవాళ్లు.

సగం_తెలుసు
సరే, మేనరికం విషయంలో నా మాట వెనక్కి. కానీ చిన్ను అమ్మ గారికి పరీక్ష దండగ. హీమోఫీలియా మగవాళ్ల జబ్బు. ఆడవాళ్లు మోస్తారు, అనుభవించరు. టెన్త్ పుస్తకంలో కూడా అదే ఉంది.

మల్కాజిగిరి_లక్ష్మి
ఆ ఒక్క వాక్యం నా పంతొమ్మిదేళ్లు తినేసింది.

పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. పదిహేను రోజులు ఆగలేదు. "మొదట్లో అంతే" అన్నారు. తరువాత ప్రతి నెలా తొమ్మిది పది రోజులు, గంటకొకసారి బట్ట మార్చుకునేదాన్ని, గడ్డలు గడ్డలుగా పడేది. "మా అక్కకూ అంతే, పెళ్లయితే సర్దుకుంటుంది" అన్నారు. పెళ్లయింది, సర్దుకోలేదు. బెల్లం, ఖర్జూరం, ఐరన్ మాత్రలు, మళ్లీ బెల్లం. డిగ్రీలో ఉండగా హిమోగ్లోబిన్ 5కు పడిపోయి రక్తం ఎక్కించారు. ఎక్కించిన వాళ్లు కూడా ఎందుకు పోతున్నదని అడగలేదు, ఎంత పోయిందో లెక్కపెట్టారు. ఒక డాక్టరును నేనే అడిగాను, "రక్తం గడ్డకట్టే జబ్బు ఏదైనా ఉందా" అని. "అవి మగపిల్లలకు వస్తాయమ్మా" అన్నారు.

31వ ఏట కాన్పు అయ్యాక పదో రోజున రక్తం వరదలా పోతే, అప్పుడు ఒక చిన్న వయసు డాక్టరమ్మ కూర్చుని మా ఇంటి కథంతా అడిగింది. నాన్నకు చిన్నప్పటి నుంచి ముక్కులోంచి రక్తం కారేది. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించేవారు. ఆ మాట చెప్పగానే ఆమె రాసిన పరీక్షలో తేలింది, వాన్ విల్లిబ్రాండ్ జబ్బు, అదే పేరున్న ఫ్యాక్టర్ లోపం. నాన్న నుంచే నాకు వచ్చింది. ఇది ఎక్స్ మీద ఉండదు, ఆడ మగ తేడా లేదు, వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ జబ్బులన్నిటిలోకీ ఎక్కువగా కనిపించేది ఇదే.

ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ అనే ఫిన్లాండ్ డాక్టరు 1926లో దీని గురించి రాశాడు. ఆయన చూసినది ఆలండ్ దీవుల్లోని ఒక కుటుంబం, ముఖ్యంగా ఒక చిన్న పాప. ఆ పాప పదమూడో ఏట, నాలుగోసారి నెలసరి వచ్చినప్పుడు, రక్తం ఆగక చనిపోయింది. నాలుగోసారి. నేను అది చదివిన రోజు వంట చేయలేదు.

సగం_తెలుసు
అమ్మా, క్షమించండి. నేను హీమోఫీలియా గురించే అన్నాను, మీది వేరే జబ్బు కదా.

మల్కాజిగిరి_లక్ష్మి
జబ్బు వేరే. గుమ్మంలోనే తిప్పి పంపించిన మాట ఒకటే.

ల్యాబ్_కిటికీ
హీమోఫీలియా విషయంలో కూడా ఆ మాట తప్పే. ల్యాబ్‌లో రోజూ చూస్తాను కాబట్టి చెబుతున్నాను. క్యారియర్, అంటే దోషమున్న ఎక్స్‌ను మోసే ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు ఉంటాయి, ఒక్కొక్క కణంలో ఏదో ఒకటి నిద్రపోతుంది. ఏది ఎన్ని కణాల్లో నిద్రపోతుందన్నది అదృష్టం. అందుకని సగటున ఫ్యాక్టర్ 50 శాతం ఉండాలి గాని, మనిషికీ మనిషికీ చాలా తేడా. కొందరికి మామూలుగానే ఉంటుంది, కొందరికి 20, 30. ఒక శాతం లోపు తీవ్రం, 1 నుంచి 5 మధ్యస్థం, 5 నుంచి 40 స్వల్పం అని మగవాళ్లకు వేసే కొలతే ఆడవాళ్లకూ వేయాలని 2021లో అంతర్జాతీయ నిపుణులు పేర్లు సవరించారు. 40 కంటే తక్కువ ఉంటే ఆమె ఉత్త క్యారియర్ కాదు, హీమోఫీలియా ఉన్న మనిషే.

చిన్ను అమ్మ గారూ, మీకు పళ్లు తీసినప్పుడు, కాన్పు తరువాత రక్తం ఎక్కువ పోయిందా?

చిన్ను_అమ్మ
ఈ ప్రశ్న ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. జ్ఞానదంతం తీశాక మూడు రోజులు దిండు ఎర్రగా అయ్యేది. కాన్పు తరువాత రెండు సీసాల రక్తం ఎక్కించారు. "కొందరికి అంతే" అన్నారు.

మల్కాజిగిరి_లక్ష్మి
"అంతే" అనే మాటను మందుల షాపులో అమ్మితే బాగుండు, అందరూ అదే రాస్తున్నారు.

ల్యాబ్_కిటికీ
అయితే ఫ్యాక్టర్ 8 కొలిపించుకోండి. గర్భంతో లేనప్పుడు చేయించుకోవాలి. గర్భం వస్తే 8 దానంతట అదే పెరిగి, కాన్పు అయ్యాక పడిపోతుంది. అందుకే చాలామందికి తొమ్మిది నెలలూ బాగుండి తరువాత పోతుంది. ఇంకొకటి గుర్తుంచుకోండి, ఫ్యాక్టర్ మామూలుగా వచ్చినంత మాత్రాన క్యారియర్ కాదని చెప్పలేం. అది తేల్చేది డీఎన్‌ఏ పరీక్షే. ముందు బాబు జన్యువులో మార్పు ఏమిటో కనిపెడితే, అదే మీలో, మీ అక్కచెల్లెళ్లలో వెతకడం తేలిక. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ మన ఉప్పల్‌లోనే ఉంది. అక్కడ అడగండి.

ఇక లక్ష్మి గారి సంగతి. ఆమెకు ఇంత ఆలస్యం కావడానికి మా ల్యాబ్ పద్ధతులు కూడా కారణం. డాక్టరు రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు, ప్లేట్‌లెట్ల లెక్క రాస్తారు. మూడూ నార్మల్ వస్తే "ఏమీ లేదు" అంటారు. తీవ్రమైన హీమోఫీలియాలో ఏపీటీటీ పెరిగి పట్టుబడుతుంది. స్వల్పమైన వాన్ విల్లిబ్రాండ్‌లో మామూలుగానే రావచ్చు. ఫ్యాక్టర్ 13 లోపంలో పీటీ, ఏపీటీటీ రెండూ నార్మలే, దానికి గడ్డ కరుగుతుందా లేదా చూసే వేరే పరీక్ష ఉంది. పుట్టిన బిడ్డకు బొడ్డు దగ్గర రక్తం ఆగకపోతే ముందు అనుమానించవలసింది దాన్నే. గ్లాంజ్‌మన్ అనే జబ్బులో ప్లేట్‌లెట్లు లెక్కకు నిండుగా ఉంటాయి, కానీ ఒకదాన్ని ఒకటి పట్టుకోలేవు.

ఆ పైన తీసే విధానం. నీలి మూత గొట్టంలో రక్తం గీత దాకా నిండాలి, సగం నింపి పంపితే ఫలితం తప్పు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుండగా తీస్తే వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ పైకి ఎగబాకి లోపాన్ని దాచేస్తుంది. 'ఓ' బ్లడ్ గ్రూపు వాళ్లకు పుట్టుకతోనే అది నాలుగో వంతు తక్కువ. అందుకే ఒక్క రిపోర్టు చూసి ఉందని గాని లేదని గాని కొట్టిపారేయకూడదు. రెండోసారి చేయించమని అడిగితే మా కౌంటరులో విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

గులాబీ_రంగు
ఇది చదువుతుంటే చేతులు చల్లబడుతున్నాయి. మా మామయ్యకు, అంటే అమ్మ తమ్ముడికి, స్వల్పమైన హీమోఫీలియా ఎ ఉంది. అపెండిక్స్ ఆపరేషన్‌లో తెలిసింది. మా ఇద్దరికీ చిన్నప్పుడే అనుకున్నారు, మాకూ ఇష్టమే. ఫాల్గుణంలో పెళ్లి. పిల్లల సంగతి ఏమిటి?

సగం_తెలుసు
ఇదిగో మేనరికం వచ్చింది. ఇప్పుడు మాట్లాడవచ్చా?

తార్నాక_తాతయ్య
మాట్లాడకు, లెక్క వేద్దాం. మీ అమ్మమ్మ క్యారియర్ అనుకుందాం. అప్పుడు మీ అమ్మ క్యారియర్ కావడానికి రెండింట ఒక అవకాశం, మీరు కావడానికి నాలుగింట ఒకటి. మీ మామయ్య బయటి అమ్మాయిని చేసుకుంటే మామూలుగా కొడుకులెవరికీ రాదు, కూతుళ్లందరూ క్యారియర్లు. మిమ్మల్ని చేసుకుంటే, మీరు క్యారియర్ కాకపోతే ఇదే లెక్క. మీరు క్యారియర్ అయితే మాత్రం ప్రతి కొడుకుకూ సగం అవకాశం, ప్రతి కూతురికీ సగం అవకాశం, హీమోఫీలియానే రావడానికి. తండ్రి నుంచి ఒక చెడ్డ ఎక్స్ కూతురికి ఎలాగూ వస్తుంది, అమ్మ నుంచి రెండోదీ అదే వస్తే ఇక ఆదుకునే ఎక్స్ లేదు.

కాబట్టి ముహూర్తం కంటే ముందు డీఎన్‌ఏ పరీక్ష. నాలుగింట మూడు అవకాశాలు మీ వైపే ఉన్నాయి. జాతకం పొంతన చూశారా?

గులాబీ_రంగు
ముప్పై మూడు గుణాలు కలిశాయి.

నిశాచరి
మిగిలిన మూడూ ల్యాబ్‌లో చూడాలన్నమాట.

ఉప్పల్_శ్రీను
సగం తెలుసు గారికి కూడా న్యాయం చేయాలి. హీమోఫీలియా ఎ, బి రావడానికి మేనరికం అక్కరలేదు, ఒక్క ఎక్స్ చాలు. కానీ ల్యాబ్ కిటికీ చెప్పిన ఫ్యాక్టర్ 13 లోపం, గ్లాంజ్‌మన్, ఫ్యాక్టర్ 7 లోపం, వాన్ విల్లిబ్రాండ్‌లో తీవ్రమైన మూడో రకం, వీటికి అమ్మా నాన్నా ఇద్దరూ ఒక్కొక్క దోషం ఇవ్వాలి. రక్తసంబంధంలో చేసుకుంటే ఇద్దరి దగ్గరా ఒకే దోషం దాగి ఉండే అవకాశం ఎక్కువ. ఆసుపత్రి డేకేర్ గదిలో నా పక్క కుర్చీలో కూర్చునే గ్లాంజ్‌మన్ అమ్మాయి అమ్మానాన్నలు బావామరదళ్లే. ఆమె చెంపకు మొటిమ వచ్చినా భయపడుతుంది.

సగం_తెలుసు
అంటే నేను చెప్పింది కొంత నిజమే.

నిశాచరి
పేరుకు తగ్గట్టే సరిగ్గా సగం.

పంటి_వైద్యుడు
జ్ఞానదంతం మాట వచ్చింది కాబట్టి. ఈ జబ్బులు ఉన్నవాళ్లు దయచేసి కుర్చీ ఎక్కాక కాదు, అపాయింట్‌మెంటు అప్పుడే చెప్పండి. ముందుగా తెలిస్తే రక్తం డాక్టరుతో మాట్లాడి, రక్తస్రావం ఆపడానికి ఫ్యాక్టరో, డెస్మోప్రెసినో, ట్రానెక్సమిక్ యాసిడో సిద్ధం చేసుకుంటాం. పోయిన ఏడాది ఒకాయన "చెబితే మీరు తీయనంటారని" దాచాడు. అర్ధరాత్రి ఫోన్ చేసింది ఆయన భార్య.

చిన్ను_అమ్మ
మా అత్తగారికి క్యారియర్ అని చెబితే టిఫిన్ క్యారియర్ అనుకున్నారు. చాలా రోజుల తరువాత ఇంట్లో నవ్వాం.

శ్రీను అన్నా, బాబుకు ఇంట్లో ఏమేమి జాగ్రత్తలు? టీకాలు వేయించవచ్చా? జ్వరం వస్తే ఏమి ఇవ్వాలి?

ఉప్పల్_శ్రీను
టీకాలు మానకూడదు చెల్లీ. సన్నని సూదితో, వీలైన టీకా చర్మం కింద వేయమని అడగండి. వేశాక పది నిమిషాలు నొక్కి పట్టుకోండి, రుద్దకూడదు. కండలోకి వేసే మిగతా ఇంజెక్షన్లు, జ్వరానికి తుంటి మీద పొడిచేవి, వద్దంటే వద్దు. జ్వరానికి పారాసిటమాల్ ఫరవాలేదు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంటి ఛాయలకు రాకూడదు. వీధి చివర మందుల షాపులో ఒళ్లు నొప్పులకు ఇచ్చే రంగు రంగుల పొట్లంలో అవే ఉంటాయి.

ముక్కులోంచి కారితే తల వెనక్కి వాల్చకండి, ముందుకు వంచి ముక్కు మెత్తని భాగం నొక్కి పట్టుకోండి. తలకు దెబ్బ తగిలితే బాబు నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ముందు ఫ్యాక్టర్, తరువాతే స్కాన్. అత్యవసర విభాగంలో కొత్త డాక్టరు ఉంటే స్కాన్ వచ్చాక చూద్దామంటారు. వాదించండి. నేను ఒకసారి ఎక్కడని చెప్పను గాని, బోర్లా పడి తల పగిలి వెళితే మూడు గంటలు వరసలో కూర్చోబెట్టారు. మా ఆవిడ అరిచిన అరుపుకు కదిలారు.

ఫ్యాక్టర్ లెక్క అర్థమైతే మీకే ధైర్యం. కిలోకు ఒక యూనిట్ వేస్తే 8 రెండు శాతం పెరుగుతుంది. మీ బాబు పది కిలోలనుకోండి, 200 యూనిట్లు వేస్తే దాదాపు 40 శాతం. దానిలో సగం ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో కరిగిపోతుంది, చిన్నపిల్లల్లో ఇంకా త్వరగా. అందుకే మళ్లీ మళ్లీ వేయవలసి వస్తుంది.

నిర్వాహకుడు
లెక్క అర్థం చేసుకోవడానికే. ఇక్కడ చదివి ఇంట్లో మోతాదు నిర్ణయించకండి.

ఉప్పల్_శ్రీను
నిజమే. ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. తీవ్రమైన హీమోఫీలియా ఎ ఉన్నవాళ్లలో పాతిక, ముప్పై శాతం మందికి ఒంట్లో ఫ్యాక్టర్‌ను శత్రువనుకుని కొట్టేసే ఇన్హిబిటర్లు పుడతాయి. ఎక్కువగా మొదటి కొన్ని పదుల సార్లు ఫ్యాక్టర్ వేసిన కాలంలోనే. వేసినా పని చేయడం లేదనిపిస్తే ఆ పరీక్ష అడగండి. మా కాలంలో దాతల రక్తం నుంచి తీసిన క్రయో, ప్లాస్మా ఎక్కించుకుని హెపటైటిస్ సి కూడా వెంట తెచ్చుకున్నాం. నాకు వచ్చింది, మందులతో తగ్గింది. నా స్నేహితుడు ఒకడికి తగ్గలేదు.

మూసీ_గాలి
ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్ గురించి ఎవరూ చెప్పలేదేమిటి? మా అన్న కొడుకు అదే వాడుతున్నాడు. నరం వెతుక్కోనక్కరలేదు, చర్మం కింద, వారానికో రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి. ఇన్హిబిటర్ ఉన్నా పని చేస్తుంది. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. వాడు ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నాడు.

ల్యాబ్_కిటికీ
మంచి మందు, కానీ హీమోఫీలియా ఎ కు మాత్రమే. పైగా అది ఒంట్లో ఉండగా ఏపీటీటీ చేస్తే అంతా బాగున్నట్టు అబద్ధం చెబుతుంది. ఆ మందు వాడుతున్నారని ల్యాబ్‌కు తప్పక చెప్పాలి.

సగం_తెలుసు
జన్యు చికిత్స వచ్చేసిందని, వెల్లూరులో అయిదుగురికి చేశారని చదివాను. ఇది పూర్తిగా తెలిసే రాస్తున్నాను.

ఉప్పల్_శ్రీను
ఈసారి నిజమే. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో అయిదుగురు తీవ్రమైన హీమోఫీలియా ఎ పెద్దవాళ్లకు వాళ్ల మూలకణాలే తీసి, జన్యువు చేర్చి తిరిగి ఎక్కించారు. 2024లో ఫలితాలు అచ్చయ్యాయి. అయిదుగురే, అందరూ పెద్దవాళ్లే. చిన్ను కోసం ఇప్పుడే టిక్కెట్టు కొనకండి.

మూసీ_గాలి
సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పండి అన్నా.

ఉప్పల్_శ్రీను
2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాల పట్టిక ఉంది. హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ అందులో ఉన్నాయి. 40 శాతం గాని ఆ పైన గాని వైకల్యం ఉందని తేలితే ఉన్నత విద్యలో 5 శాతం సీట్ల కోటాలోకి వస్తాం. కానీ ప్రభుత్వోద్యోగాల 4 శాతం కోటా రాసిన చోట రక్తం జబ్బుల పేరు లేదు. చదువుకోమంటారు, ఉద్యోగానికి వచ్చేసరికి మొహం తిప్పుకుంటారు. నాకు ఉద్యోగం వచ్చింది హీమోఫీలియా వల్ల కాదు, హీమోఫీలియా పాడుచేసిన మోకాలి వల్ల. కాలి వైకల్యం కింద. ఇన్నేళ్లలో ఆ మోకాలు చేసిన ఒకే ఒక్క మంచి పని.

చిన్ను_అమ్మ
పన్నెండు రోజుల తరువాత వస్తున్నాను. నా ఫ్యాక్టర్ 8 రిపోర్టు వచ్చింది. 27 శాతం.

అంటే నాకూ స్వల్పమైన హీమోఫీలియా. ఆ కాగితం పట్టుకుని అమ్మకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది, మా అమ్మమ్మకు ఇద్దరు కాదట, ముగ్గురు కొడుకులట. నడిపివాడు మూడో ఏట అరుగు మీద నుంచి పడి, తలకు బొప్పి కట్టి, మర్నాటికి పోయాడట. గాలి సోకిందన్నారట. ఆ పిల్లవాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు, నాకు ఇన్నేళ్లలో తెలియదు.

తార్నాక_తాతయ్య
తాతగారి దండ ఆయనకే ఉంచేయండి. నా అంచనా తప్పింది.

చిన్ను_అమ్మ
చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. దాన్ని కూడా పరీక్షకు తీసుకువెళతానంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఈ మాట బయటకు పొక్కితే దాన్ని ఎవరు చేసుకుంటారు" అంటోంది.

మల్కాజిగిరి_లక్ష్మి
పెళ్లివాళ్లకు ఎప్పుడు చెప్పాలన్నది చెల్లి ఇష్టం. కానీ ఆ అమ్మాయికి తన రక్తం సంగతి తనకు తెలియాలి. నెలసరి ఎలా ఉంటుందని చెల్లిని అడిగారా, అమ్మ లేనప్పుడు?

చిన్ను_అమ్మ
అడిగాను అక్కా. "నీకూ అంతేగా" అంది. శనివారం ఇద్దరం వెళుతున్నాం. అమ్మకు సినిమాకు వెళుతున్నామని చెప్పాం.

సగం_తెలుసు
అత్తగారు ఏమన్నారు? 27 శాతం అని తెలిశాక?

చిన్ను_అమ్మ
రిపోర్టు చదివించుకుని, "మరి కాన్పులో నువ్వు బతికి బయటపడ్డావా" అన్నారు. అంతే. ఆ తరువాత పుట్టింటి రక్తం మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వచ్చే వారం నుంచి బాబుకు వారానికి రెండుసార్లు ఫ్యాక్టర్ మొదలు. ఇంట్లో వేయడం నేర్పిస్తామన్నారు. సీసాలు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. ఆవిడ నిన్న తన నిమ్మకాయ పచ్చడి, చింతకాయ తొక్కు జాడీలు తీసేసి తలుపు అర మొత్తం ఖాళీ చేశారు. "చిన్ను మందు, ఎవరూ ముట్టుకోరాదు" అని కాగితం కూడా అంటించారు.

ఉప్పల్_శ్రీను
తలుపు అర వద్దని చెప్పండి, తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది. లోపలి మధ్య అరలో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఫ్రీజర్‌లో అసలే వద్దు. పచ్చడి మళ్లీ తలుపులో పెట్టుకోవచ్చు.